మందు పెట్టకండి, మందకు కుక్కను పెట్టండి



పోస్టు పొడుగుంటది. మందను దొడ్డికి తోలినంక, బువ్వ తిన్నంక నిమ్మలంగ చదువుండ్రి. కొందరికి కోపం రావచ్చు, రానియ్యుండ్రి. నేను కూడా కోపంతోనే రాస్తున్న. ఆ కోపంల సగం నా మీదనే.

ఊరకుక్కలు గొర్రెల మీద పడ్డయి అనే వార్త మనకు కొత్త కాదు. ఒకనాడు జగిత్యాల దిక్కు, ఒకనాడు పెద్దపల్లి దిక్కు, ఇంకోనాడు నిర్మల్ దిక్కు. పేపర్ల జిల్లా పేజీల ఒక ఫోటో వస్తది. చచ్చిన గొర్రెలు వరుసగ పెట్టి ఉంటయి, పక్కన కాపరి నెత్తికి చెయ్యి పెట్టుకొని కూసుంటడు. మర్నాడు అందరం మర్చిపోతం. పోయినేడాది వరికోతలు అయినంక అట్లనే కూసున్నోడు నేనే. ఫోటో మాత్రం ఎవరూ తియ్యలే.

ముందుగాల నా తప్పు చెప్త. నాకు ఒక కుక్క ఉండె. పేరు నల్లోడు. జాతి గీతి ఏం లేదు, మన ఊర కుక్కే. ఆరేండ్లు మందతోనే తిరిగిండు. ఎవరి పొలంల మంద పెట్టినా రాత్రంతా దొడ్డి చుట్టూ తిరిగేటోడు. ఆరేండ్లల్ల కుక్కకు గాని నక్కకు గాని ఒక్క పిల్ల పోలే. కానీ బాట మీద బండ్లెంబడి ఉరుకుతున్నడని ఒకరిద్దరు నన్ను తిట్టిండ్రు. నేను ఏం జేసిన? నేర్పుడు చేతగాక ఇంటికాడ గొలుసు వేసి కట్టేసిన. మంద పొలంల, కుక్క ఇంటికాడ. నాలుగో రాత్రి తొమ్మిది కుక్కలు జాలి కిందికెళ్లి దొడ్ల పడ్డయి. తెల్లారేసరికి పద్నాలుగు గొర్రెలు చచ్చినయి, మర్నాడు ఇంకో ఆరు. అండ్ల చూడి గొర్రెలు కూడా ఉన్నయి. తిన్నది రెండింటినే. మిగతావి కొరికి పడేసినయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక చచ్చినయి.

ఊరు గరం అయ్యింది. "మందు పెడ్తే పీడ పోతది" అన్నరు. నేను ఔనన లేదు, కాదన లేదు. దుఃఖంల ఉన్న, నోరు మూసుకొని కూసున్న. మూడో రోజు పొద్దుగాల ఇంటి ముందట నల్లోడు కాళ్లు కొట్టుకుంటున్నడు. నోట్లెకెళ్లి నురుగు. డాక్టర్ వచ్చేలోపే పానం పోయింది. గొర్రెలను కొరికిన తొమ్మిదింట్ల ఐదు ఇప్పటికీ చికెన్ సెంటర్ ఎనుక పండుకుంటయి, నేను రోజూ చూస్తున్న.

అందుకే చెప్తున్న. మందు పెట్టుడు బంద్ చెయ్యుండ్రి. దాంతోని మన మంద కాపాడుకోలేం.

మొదటి సంగతి, చట్టం. కొత్త న్యాయ సంహితల 325 సెక్షన్ ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా ఐదేండ్ల దాకా జైలు పడవచ్చు. గొర్రెలు పోయినోడే జైలుకు పోతే ఇల్లు ఎవరు చూస్తరు? రెండోది, మందు కుక్కను గుర్తుపట్టదు. ఎవరు ముందు తింటే వాళ్లు చస్తరు. విషం తిని చచ్చిన కళేబరాన్ని పీక్కతిన్న కాకి, గద్ద కూడా చస్తయి. ఆసిఫాబాద్ దిక్కు బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద గూళ్లు పెట్టిన రాబందుల గురించి మీరు వినే ఉంటరు. దేశంల మిగిలినయే కొన్ని. వాటి నోట్ల కూడా ఆ విషమే పడ్తది. మూడోది అసలు సంగతి. పది కుక్కలను చంపితే ఆ జాగల పక్క ఊరియి పది వస్తయి. ఎందుకంటే తిండి అక్కడనే ఉంది కదా.

ఆ తిండి ఎవరు పెడుతున్నరు? ఇది మనకు నచ్చని ప్రశ్న, అయినా అడుగుత. రోగమొచ్చి చచ్చిన గొర్రెను ఏం చేస్తున్నం? చెల్కల పడేస్తున్నం, లేకుంటే వాగు ఒడ్డుకు గుంజిపోతున్నం. పండుగకు కోసినప్పుడు పేగులు, తలకాయ బొక్కలు ఎటు పోతున్నయి? చికెన్ సెంటర్ల చెత్త ఊరి బయట యాడ పడుతున్నది? ఊర కుక్కకు గొర్రె నెత్తురు రుచి చూపించింది మనమే. చచ్చిన గొర్రెను తిన్న కుక్క ఇయ్యాల కాకుంటే రేపు బతికిన గొర్రెను గుంజుతది. లోతు గుంత తీసి, సున్నం చల్లి పూడ్చే ఓపిక లేనోళ్లం, కుక్కలకు మందు కలిపే ఓపిక మాత్రం తెచ్చుకుంటున్నం.

ఊర కుక్కలకు పిల్లలు కాకుండ ఆపరేషన్, రేబిస్ టీకా వేయించే బాధ్యత స్థానిక సంస్థలదే అని 2023ల వచ్చిన కేంద్రం రూల్స్ చెప్తున్నయి. గ్రామసభల అది అడుగుండ్రి. కాయితం మీద రాసిచ్చి సంతకం తీసుకోండ్రి. కానీ వాళ్లొచ్చేదాకా మంద ఆగదు. రాత్రి రోజూ వస్తది.

ఇంక సర్కారు సంగతి. 2017 జూన్‌ల గొర్రెల పంపిణీ మొదలైంది. యూనిట్‌కు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. అప్పుడు లక్షా పాతిక వేలు ఖరీదు ఉండె, అండ్ల 75 శాతం సబ్సిడీ ఇచ్చిండ్రు. 2012 లెక్కల 1.28 కోట్లు ఉన్న గొర్రెలు 2019 పశుగణన నాటికి 1.91 కోట్లయినయి. గొర్రెల్ల దేశంలనే మన తెలంగాణ ఒకటో నంబరు. నాకు కూడా ఒక యూనిట్ వచ్చింది, కాదన. కానీ మీటింగుల ఒక్కసారన్న, ఒక్కరన్న కుక్క మాట ఎత్తిండ్రా? దాణా గురించి చెప్పిండ్రు, నట్టల మందు గురించి చెప్పిండ్రు, ఇన్సూరెన్స్ గురించి చెప్పిండ్రు. మందను రాత్రి ఎవడు చూడాలె అని మాత్రం ఎవరూ చెప్పలే. మనం కూడా అడగలే.

ఇగ ఇంకో రోగం మొదలైంది, సెల్‌ఫోన్ రోగం. ఒక నల్ల తెల్ల కుక్క ఈల వేస్తే ఉరికి, రెండు వందల గొర్రెలను గేట్లకు తోలే వీడియో చూస్తం. దాన్ని బార్డర్ కోలీ అంటరు. మన పోరగాండ్లు పట్నంల ఆ పిల్లను కొనుక్కొస్తమని తిరుగుతున్నరు. ఆ కుక్క గొప్పదే, కాదన్నోడు మూర్ఖుడు. కానీ అది యాడ పుట్టిందో చూడాలె. ఇంగ్లాండ్, స్కాట్లాండ్ సరిహద్దు గుట్టలల్ల పుట్టిన జాతి. అక్కడ గొర్రెలను గుట్ట మీద ఇడిసిపెడ్తరు, కాపరి రోజంతా వెంట ఉండడు. ఎక్కడెక్కడనో చెదిరినయి జమ చేసి తెచ్చుడు ఆ కుక్క పని. 1873ల వేల్స్ దేశంల బాలా అనే ఊర్ల ఆ కుక్కలకు పోటీ పెట్టిండ్రు, ఇప్పటికీ పెడ్తున్నరు.

మరి మన పని ఏంది? మన గొర్రె మన పిలుపుకే వస్తది. మనం ముందు నడుస్తం, అది ఎనుక నడుస్తది. తోలేటందుకు కట్టె పట్టుకొని మనిషి ఉండనే ఉన్నడు. మనకు లేనిది రాత్రి కావలి. బార్డర్ కోలీ కావలి కుక్క కాదు. పైగా దానికి బొచ్చు. మే నెల రామగుండం ఎండల దాన్ని నిలబెడితే గొర్రెల కన్నా ముందు అదే పడిపోతది. పొద్దంతా పని లేకుంటే ఊకోదు, పిల్లలెంబడి, కోళ్లెంబడి పడ్తది. వేలకు వేలు పోసి తెచ్చి ఏడాదికల్లా గొలుసుకు కట్టేస్తం. ఆ పైసలతోని దొడ్డికి మంచి జాలి కొనుండ్రి, లాభం.

"మరి మన ఊర కుక్కతోని ఏమైతది?" అని అడిగేటోళ్లకు మూడు ముచ్చట్లు చెప్త.

1833ల డార్విన్ అనే శాస్త్రవేత్త దక్షిణ అమెరికాల ఇప్పటి ఉరుగ్వే దేశం తిరిగిండు. మనుషులు మైళ్ల దూరంల ఉన్నా ఒకటి రెండు కుక్కలే పెద్ద మందను కాసుడు చూసిండు. అవి ఎట్ల తయారైతున్నయో అడిగి రాసుకున్నడు. పిల్లను పసితనంలనే తల్లి నుంచి తీసి దొడ్ల పెడ్తరంట. గొర్రె పాలు తాపుతరు, ఊలుతోని గూడు చేస్తరు, వేరే కుక్కలతోని గాని పిల్లలతోని గాని కలవనియ్యరు. ఆ కుక్కకు మందనే ఇల్లు అయితది.

అమెరికాల నవాహో అనే తెగ ఉంది, మన లెక్కనే గొర్రెలు కాసేటోళ్లు. వాళ్ల కుక్కలు కలగలుపు ఊర కుక్కలే. పిల్లప్పటి నుంచి దొడ్ల పెంచిన ఆ కుక్కలు అక్కడి తోడేలు లాంటి కొయోట్ల నుంచి మందను మంచిగ కాపాడుతున్నయని 1980లల్ల పరిశోధకులు రాసిండ్రు. ఆఫ్రికాల నమీబియాల 1994 నుంచి చీతాలను కాపాడే ఒక సంస్థ రైతులకు కావలి కుక్క పిల్లలను ఇస్తున్నది. కుక్క మందను కాస్తే రైతు చీతాను చంపడు అని వాళ్ల లెక్క.

అంత దూరం ఎందుకు? మనం మొక్కే మల్లన్ననే మరాఠోళ్లు ఖండోబా అంటరు. ఆయన పటంల గుర్రంతో పాటు కుక్క ఉంటది. ఓదెలకు పోయి బోనం చేసి, వాపస్ వచ్చి కుక్కకు విషం కలుపుతమా?

సరే, పెంచుడు ఎట్ల? నేను నల్లోనితోని నేర్చుకున్నది, నల్లోడు పోయినంక నేర్చుకున్నది రెండూ కలిపి చెప్త. ఇప్పుడు ఏడు నెలల పిల్ల ఒకటి పెంచుతున్న.

ఒకటి. పిల్లను ఎంచుకునేటప్పుడు తల్లిని చూడుండ్రి. మంద కాడ పండుకునే తల్లి అయితే మంచిది. మరీ భయపడేది వద్దు, మీదికొచ్చి కొరికేది వద్దు. నలభై ఐదు నుంచి అరవై రోజుల వయసుల తెచ్చుకోవాలె. మూడు నాలుగు నెలల లోపల దేంతోని కలిసి పెరిగితే అదే తన కుటుంబం అనుకుంటది. ఆ వయసు దాటితే మళ్ల రాదు.

రెండు. పిల్లను ఇంట్ల పెట్టొద్దు, దొడ్లనే పెట్టుండ్రి. మూలకు చిన్న జాలి కట్టి, సాధువు గొర్రెలు రెండు, నాలుగు పిల్లలు పక్కన ఉండేటట్టు చూడుండ్రి. పొగరు పొట్టేలు పక్కన పెట్టొద్దు, ఒక్క పోటుతోని పిల్ల చస్తది. బువ్వ అక్కడనే, నీళ్లు అక్కడనే. ఇంట్ల పోరగాండ్లు ఎత్తుకొని ఆడుతమంటే ఒప్పుకోవద్దు. కానీ మీ చెయ్యికి అలవాటు కావాలె. రోజూ రెండుసార్లు నిమురుండ్రి, చెవులు చూడుండ్రి, నోరు తెరిచి చూడుండ్రి. రేపు సూది వేయించాలంటే పట్టుకోనియ్యాలె కదా.

మూడు. మాటలు మూడే నేర్పుండ్రి. "దా" అంటే రావాలె. "ఆగు" అంటే ఉన్నకాడ ఉండాలె. "ఇడువు" అంటే నోట్లది, ఎంబడి పడ్డది వదలాలె. ఇంట్ల అందరూ అవే మాటలు వాడాలె. ఒకరు దా అని, ఇంకొకరు ఇట్రా అని అంటే దానికేం తెలుస్తది? ఇరవై అడుగుల తాడు కట్టి, పూటకు పది నిమిషాలు చాలు. చెప్పిన మాట విన్న వెంటనే చిన్న రొట్టె ముక్క పెట్టుండ్రి. నల్లోనికి "ఇడువు" నేర్పి ఉంటే బండ్లెంబడి ఉరుకుతుండెనా? గొలుసు పడుతుండెనా? ఇరవై గొర్రెలు పోతుండెనా? ఆ ఒక్క మాట ఖరీదు నాకు తెలుసు.

నాలుగు. ఆరు నెలల నుంచి ఏడాది దాకా పోరడి వయసు. గొర్రె పిల్లల ఎంబడి ఉరుకుతది, చెవి పట్టి గుంజుతది. అందరం ఇక్కడనే తప్పు చేస్తం. "దీనికి నెత్తురు రుచి దొరికింది" అని కొట్టి ఎల్లగొడ్తం. అది ఆట. అట్లని ఇడిసిపెట్టొద్దు కూడా, ఆటనే అలవాటు అయితది. చూసిన వెంటనే గట్టిగ "ఇడువు" అనాలె. వినకుంటే దొంగ గొడ్డుకు కట్టినట్టు మెడకు గుదికర్ర కట్టుండ్రి, ముంగాళ్లకు తగిలి ఉరకలేదు. ఈ వయసుల ఈనే గొర్రెల కాడ ఒంటరిగ ఇడువొద్దు. తర్వాత కొట్టుడు దండుగ, ఎందుకు కొట్టినవో దానికి తెల్వదు.

ఐదు. ఏడాదిన్నర, రెండేండ్లు నిండినంకనే అది పూర్తి కావలి కుక్క. అప్పటిదాకా దాని మీదనే భారం వెయ్యొద్దు. రెండు ఉంటే ఇంకా మంచిది, కానీ ఒకటి పెద్దదై పని నేర్చినంకనే రెండోది తేవాలె. రెండు పిల్లలను ఒక్కసారి తెస్తే ఒకదానితోని ఒకటి ఆడుకుంటయి, గొర్రెను చూడయి. ఆపరేషన్ చేయిస్తే ఆడ కుక్క కోసం ఊరెంబడి తిరగదు.

తోలుడు కూడా నేర్పొచ్చా అంటే, కొన్నింటికి వస్తది, కొన్నింటికి రాదు. పత్తి చేను పక్కకెళ్లి మందను తీసుకపోయేటప్పుడు కుక్కను తాడుతోని చేను వైపు నడిపించుండ్రి. రోజూ అటు దిక్కే నడిస్తే గెట్టు తన హద్దు అనుకుంటది. గొర్రె చేన్ల మూతి పెట్టబోతే అది నిలబడితే చాలు, కొరికే పని లేదు. ఇంత చేసినా పక్క రైతుతోని మన పంచాయితీలు సగం తగ్గుతయి.

ఆరోగ్యం సంగతి ఇడువొద్దు. పిల్లప్పుడు పార్వో, డిస్టెంపర్ టీకాలు, మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ప్రతి ఏడు. ఇంకోటి చాలామందికి తెల్వదు. తల ఒక పక్కకు వంచి, గుండ్రంగ తిరిగి తిరిగి పడిపోయే గొర్రెను చూసే ఉంటరు. మెదడుల నీటి బుగ్గ ఉంటది. అది కుక్క కడుపుల ఉండే బద్దె పురుగు వల్ల వచ్చే రోగం. ఆ గొర్రె తలకాయ కుక్క తింటే పురుగు కుక్కకు, కుక్క పెంటతోని గడ్డి మీద గుడ్లు పడి మళ్ల గొర్రెకు. అందుకే పచ్చి తలకాయ, పచ్చి పేగులు, కార్జం కుక్కకు ఎయ్యొద్దు. గటక పెట్టుండ్రి, బువ్వ పెట్టుండ్రి, ఉడికించిన గుడ్డు పెట్టుండ్రి. మూడు నెలలకోసారి డాక్టర్‌ను అడిగి బద్దె పురుగుల మందు తాపుండ్రి. కడుపు నిండని కావలి కుక్క దొంగ కుక్క అయితది, ఇది రాసి పెట్టుకోండ్రి.

ఆదిలాబాద్, మంచిర్యాల, ఆసిఫాబాద్ అడవి అంచున మేపే అన్నలకు ఒక మాట. కవ్వాల్ 2012ల టైగర్ రిజర్వ్ అయ్యింది, మహారాష్ట్ర దిక్కుకెళ్లి పులులు వస్తనే ఉన్నయి. కుక్క పులిని ఆపదు. అబద్ధం చెప్పి మీ కుక్క పానం తియ్య. కానీ చిరుత గాని తోడేలు గాని వస్తే అది ముందుగాల చెప్తది, ఆ ఐదు నిమిషాలల్ల మంట వేసుకోవచ్చు, లైటు కొట్టొచ్చు, నలుగురిని పిలవచ్చు. అడవిల కుక్కను ఇడిసిపెట్టి కుందేళ్లెంబడి ఉరికించొద్దు. అది నేరం, పైగా మన కుక్కల డిస్టెంపర్ అడవి జంతువులకు అంటుకుంటది.

ఆఖరుకు ఒక మాట అడుగుత. ఎడ్లకు పోటీలు పెడ్తం, కోళ్లకు దొంగచాటున పందాలు పెడ్తం. కావలి కుక్కకు ఒక పరీక్ష ఎందుకు పెట్టొద్దు? బాలా ఊర్ల పెట్టిన పోటీ వాళ్ల పనికి తగ్గది. మన పనికి తగ్గది మనం పెట్టుకుందాం. జాతరలప్పుడు ఒక పూట చాలు. పిల్లలున్న మందల కుక్కను ఇడువాలె, ఒక్క పిల్లను కూడా బెదిరియ్యొద్దు. కొత్త కుక్కను తాడుతోని దొడ్డి దగ్గరికి తెస్తే అడ్డం నిలబడాలె. మొరుగుతున్నప్పుడు యజమాని "దా" అంటే వాపస్ రావాలె. బాట మీద బండి పోతే ఎంబడి పడొద్దు. టీకా కార్డు లేకుంటే బరిల దిగనియ్యొద్దు. గెలిచినోనికి ఒక మంచి గొంగడి కప్పుదాం. పోరగాండ్లు చూస్తరు, నేర్చుకుంటరు. ఏ కుక్క మంచి కావలిదో తెలిస్తే దాని పిల్లలు నాలుగు ఊర్లకు పోతయి. నల్లోని అసుంటి కుక్క పిల్లలు లేకుండనే పోయింది, ఆ తెలివి నాకు అప్పుడు లేదు.

కావలి కుక్క మెడకు ఎర్ర పట్టా కట్టుండ్రి. ఊర్ల నలుగురికి చూపించి "ఇది మంద కుక్క" అని చెప్పుండ్రి. ఎవరన్న మందు పెడ్తమంటే నేను చేసినట్టు నోరు మూసుకొని కూసోకుండ్రి. లేచి వద్దనుండ్రి. ఆ ఒక్క మాట నేను ఆనాడు అనలే.

మా పిల్ల ఇప్పుడు దొడ్ల గొర్రె కడుపుకు ఆనుకొని పండుకున్నది. నిన్న ఒక పిల్ల చెవి గుంజింది, గుదికర్ర కట్టిన. ఇంకా ఏడాది పడ్తది. పట్టనియ్యి.